ఉద్యోగ ఇంటర్వ్యూలో తొలి అభిప్రాయం

ఉద్యోగం కోసం వచ్చిన మనిషి గురించి, ఉద్యోగం ఇచ్చేవారి మనసులో మొదటి కొద్ది క్షణాల్లోనే ఏర్పడే అంచనాను తొలి అభిప్రాయం అంటారు. వాడుకలో ఫస్ట్ ఇంప్రెషన్. రెజ్యూమెలోని మొదటి నాలుగు పంక్తులు, ఫోన్‌లో వినబడిన గొంతు, తలుపు తోసుకుని లోపలికి వచ్చిన తీరు, అసలు ప్రశ్నలు మొదలయ్యే ముందు నడిచే పిచ్చాపాటీ అన్నీ దీని కిందికే వస్తాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు నూరేళ్లకు పైగా దీన్ని పరిశీలిస్తున్నారు. వాళ్లు తేల్చింది కోచింగ్ సెంటర్లు చెప్పేదానికి కొంచెం తేడాగా ఉంటుంది. తొలి అభిప్రాయం బలమైనదే. అయితే దాని బలం అభ్యర్థి కట్టుకున్న టై కన్నా ఇంటర్వ్యూ నడిపే పద్ధతి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ప్రశ్నలు ముందే రాసుకుని, అందరినీ అవే అడిగి, ఏ జవాబుకు ఆ జవాబుకు మార్కులు వేసే చోట అది త్వరగా పలచబడుతుంది. కబుర్లలా సాగే ఇంటర్వ్యూలో చివరిదాకా రాజ్యమేలుతుంది.

కాగితం మీద మొదటి చూపు

ఉద్యోగం కోరుతూ రాసిన ఉత్తరాల్లో ప్రపంచమంతటా పేరుపడ్డది లియొనార్డో డావిన్సీది. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు ఆయన తన పనితనాన్ని వరుసగా ఏకరువు పెట్టాడు. తేలికగా మోసుకుపోగల వంతెనలు, కోటలను ముట్టడించే యంత్రాలు, ఫిరంగులు ముందు వచ్చాయి. బొమ్మలు వేయడం కూడా వచ్చన్న ముక్క చివర్లో ఎక్కడో ఉంది. యుద్ధాల్లో మునిగి ఉన్న ప్రభువుకు ఏం కావాలో తెలిసిన మనిషి రాసిన ఉత్తరం అది. తనకు ఏది గొప్పో కాక, అవతలివాడికి ఏది అవసరమో ముందు పెట్టడం ఇప్పటికీ రెజ్యూమెకు మొదటి సూత్రం. మన ఫ్రెషర్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే ‘కెరియర్ ఆబ్జెక్టివ్’ పేరా సరిగ్గా దీనికి విరుద్ధం. పేరున్న సంస్థలో పనిచేసి నా నైపుణ్యాలు పెంచుకోవాలని ఉంది అని అందులో ఉంటుంది. చదివేవారికి అందులో పనికొచ్చేది ఏమీ ఉండదు.

రెజ్యూమె మీద చూపు ఎంతసేపు నిలుస్తుంది? అమెరికాలోని లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ రిక్రూటర్ల కంటి కదలికలను యంత్రంతో కొలిచి, 2012లో ఆరు సెకన్లని, 2018లో 7.4 సెకన్లని ప్రకటించింది. కొలిచింది కొద్దిమంది మీదే, కొలిచినవారు ఆ వ్యాపారంలో ఉన్నవారే. కాబట్టి అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ చూపు ఎక్కడ ఆగిందన్నది ఆలోచించదగ్గది. ప్రస్తుత ఉద్యోగం, అంతకు ముందుది, తేదీలు, చదువు, ఈ కొద్ది చోట్లే కళ్లు నిలిచాయి. పేజీ నిండా కిక్కిరిసిన అక్షరాల మీద నిలవలేదు.

ఈ మొదటి చూపులో అభ్యర్థి చేతిలో లేనిది కూడా ఒకటి ఉంది. అది పేరు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో నగరాల్లో ఒకే అర్హతలున్న దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. తెల్లవారివిగా తోచే పేర్లకు, నల్లవారివిగా తోచే పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఇలాంటి పనే చేశారు. ఇంగ్లిష్ పత్రికల్లో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపి, ఇంటిపేర్లు మాత్రం మార్చారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలో, అగ్రకుల హిందువులతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఢిల్లీలో జరిగి 2009లో అచ్చయిన మరో ప్రయోగంలో ఒక మెలిక బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో కనబడింది. కోడ్ రాయడం వచ్చో రాదో పరీక్ష పెట్టి తేల్చుకోవచ్చు. మాటతీరు, కలుపుగోలుతనం లాంటివి కొలిచే సాధనం లేదు కనుక, అక్కడ యజమాని పేరును చూసి ఊహించుకుంటాడు. తొలి అభిప్రాయం తిష్ఠ వేసేది కొలత లేని చోటనే అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

నూరేళ్ల పరిశోధన

ఇంటర్వ్యూను శాస్త్రవేత్తలు అనుమానంతోనే చూడడం మొదలుపెట్టారు. 1915లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ డిల్ స్కాట్, సేల్స్‌మన్ ఉద్యోగానికి వచ్చిన 36 మందిని అనుభవజ్ఞులైన ఆరుగురు మేనేజర్లతో విడివిడిగా ఇంటర్వ్యూ చేయించాడు. వారిలో 28 మంది పై సగంలో ఉండాలా, కింది సగంలో ఉండాలా అన్నదాని మీద కూడా మేనేజర్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. మనిషిని చూడగానే చెప్పేస్తాను అనే నమ్మకానికి అది మొదటి దెబ్బ. ఆ నమ్మకం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైన్యంలో అధికారులు తమ కింది వారికి ఇచ్చిన మార్కులను పరిశీలించాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక వేరువేరు విషయాలు. అయినా ఒకదాంట్లో ఎక్కువ మార్కులు పడ్డవాడికి అన్నింటిలోనూ ఎక్కువే పడ్డాయి. ఒక్క మంచి గుణం మిగతా అన్నింటి మీదా వెలుగు పరచడాన్ని ఆయన హాలో ఎఫెక్ట్ అన్నాడు. 1946లో సాలమన్ యాష్ ఇంకొక మెట్టు ఎక్కాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు, దుడుకు మనిషి, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు. ఇలా ఆరు గుణాలను కొందరికి ఈ వరుసలో, మరికొందరికి తలకిందులు చేసి చదివి వినిపించాడు. గుణాలు అవే అయినా, మంచివి ముందు విన్నవారికి ఆ మనిషి సమర్థుడిగానూ, చెడ్డవి ముందు విన్నవారికి లోపాలున్నవాడిగానూ తోచాడు. ముందు విన్నదాని వెలుగులో తర్వాతి మాటలకు అర్థం మారిపోతుందన్నది యాష్ వివరణ.

ఇంటర్వ్యూ మీద నేరుగా పనిచేసినవారిలో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయం వారు ముఖ్యులు. అక్కడ ఎడ్వర్డ్ వెబ్‌స్టర్ ఆధ్వర్యంలో సాగిన అధ్యయనాల్లో భాగంగా బి. ఎం. స్ప్రింగ్‌బెట్ 1958లో రాసిన వ్యాసం నుంచే ‘నాలుగు నిమిషాల్లో నిర్ణయం’ అనే మాట లోకంలోకి వచ్చింది. దరఖాస్తు, ముఖం చూసేసరికే మొగ్గు ఏర్పడుతుందని, మంచి కన్నా లోపమే ఎక్కువ బరువు తూగుతుందని ఆయన గమనించాడు. ఆయన పరిశీలించింది కొద్దిపాటి ఇంటర్వ్యూలను. చెప్పినవారి నోట నాలుగు నిమిషాలు రెండయ్యాయి, తర్వాత ముప్పై సెకన్లయ్యాయి. 2016లో రేచల్ ఫ్రీడర్ బృందం 600కు పైగా నిజమైన ఇంటర్వ్యూల్లో ఎవరు ఎప్పుడు నిర్ణయానికి వచ్చారో అడిగి చూసింది. మొదటి నిమిషంలోనే తేల్చేసినవారు చాలా తక్కువ. ఎక్కువ నిర్ణయాలు ఐదు నిమిషాలు గడిచాకనే జరిగాయి.

ఇంతకన్నా ఘోరంగా వక్రించింది 7-38-55 సూత్రం. మాటలకు ఏడు శాతం, గొంతుకు 38 శాతం, ముఖకవళికలకు 55 శాతం అంటూ సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో వేదవాక్కులా చెబుతారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు విడి మాటలు పలికినప్పుడు ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయన్నదాని మీద జరిగినవి. మామూలు సంభాషణకు దాన్ని వర్తింపజేయవద్దని ఆయనే చెప్పాడు. డేటాబేస్ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనివాణ్ని ఏ ముఖకవళికా గట్టెక్కించదు.

ముఖం చూసి అంచనా వేయడం మాత్రం నిజంగానే మెరుపు వేగంతో జరుగుతుంది. ప్రిన్స్‌టన్‌లో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరొవ్ 2006లో చూపించినదాని ప్రకారం, ఒక ముఖాన్ని సెకనులో పదో వంతు చూస్తే చాలు, నమ్మదగిన మనిషా, సమర్థుడా అన్న తీర్పు వచ్చేస్తుంది. ఎక్కువసేపు చూపిస్తే తీర్పు పెద్దగా మారదు, దాని మీద ధీమా మాత్రం పెరుగుతుంది. భారత సంతతి శాస్త్రవేత్త నళినీ అంబాడి 1990లలో రాబర్ట్ రోజెన్‌తాల్‌తో కలిసి, అధ్యాపకుల వీడియో ముక్కలను శబ్దం లేకుండా కొన్ని సెకన్లు చూపిస్తే, కొత్తవారు ఇచ్చిన మార్కులకూ సెమిస్టర్ చివర విద్యార్థులు ఇచ్చిన మార్కులకూ పోలిక ఉందని కనుగొన్నారు. దీన్ని మొదటి చూపు అబద్ధం చెప్పదని చాలామంది అర్థం చేసుకున్నారు. అలా అనడానికి లేదు. రెండు వైపులా ఉన్నవి అభిప్రాయాలే, పాఠం ఎంత బాగా బోధపడిందన్న కొలత కాదు.

మొగ్గు ఎలా నిజమవుతుంది

ఇంటర్వ్యూ చేసేవారి మొగ్గు వారి తలలోనే ఉండిపోతే నష్టం తక్కువే. అది అభ్యర్థి జవాబుల్లోకి పాకుతుంది. 1974లో కార్ల్ వర్డ్, మార్క్ జానా, జోయెల్ కూపర్ చేసిన ప్రయోగం ఈ రంగంలో అన్నిటికన్నా కలచివేసేది. తెల్లజాతి విద్యార్థులతో ఇంటర్వ్యూలు చేయించారు. ఎదుట నల్లజాతి అభ్యర్థి ఉన్నప్పుడు వారు కొంచెం దూరంగా కూర్చున్నారు, మాటల్లో ఎక్కువ తడబడ్డారు, ఇంటర్వ్యూను త్వరగా ముగించారు. రెండో విడతలో, తర్ఫీదు ఇచ్చిన మనుషుల చేత తెల్ల అభ్యర్థులనే కొందరిని దగ్గరగా, కొందరిని అదే దూరపు పద్ధతిలో ఇంటర్వ్యూ చేయించారు. దూరం పాటించిన చోట తెల్ల అభ్యర్థులు కూడా తడబడ్డారు, వారి జవాబులు అధ్వాన్నంగా ఉన్నాయని చూసినవారు తేల్చారు.

రోజువారీ ఇంటర్వ్యూల్లో ఇది మెత్తగా జరిగిపోతుంది. 1994లో థామస్ డోహర్టీ బృందం నిజమైన ఇంటర్వ్యూల టేపులు విని చెప్పినది ఇదే. దరఖాస్తు చూసి ముచ్చటపడిన అభ్యర్థితో ఇంటర్వ్యూ చేసేవారు సానుకూలంగా మాట్లాడతారు, కంపెనీ గొప్పలు చెబుతారు, తక్కువ గుచ్చిగుచ్చి అడుగుతారు. అభ్యర్థి తేలికపడి ఇంకా బాగా మాట్లాడతాడు. చివరికి “నేను ముందే అనుకున్నాను” అని బోర్డు సభ్యుడు తృప్తి పడతాడు.

జేసన్ డానా, రాబిన్ డాస్, నాథనియల్ పీటర్సన్ 2013లో ప్రచురించిన ప్రయోగం చదివితే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. విద్యార్థుల చేత ఇంటర్వ్యూలు చేయించి, ఎదుటివారికి తర్వాతి సెమిస్టర్లో ఎన్ని మార్కులు వస్తాయో ఊహించమన్నారు. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబులిచ్చేవారు ఒక యాదృచ్ఛిక పద్ధతి ప్రకారం, ప్రశ్నతో నిమిత్తం లేకుండా అవునని కాదని చెప్పుకుంటూ పోయారు. ఇంటర్వ్యూ చేసినవారు అది పసిగట్టలేదు. ఆ అర్థంలేని జవాబుల్లోంచి కూడా ఎదుటి మనిషి స్వభావం తమకు పట్టుబడిందనుకున్నారు. ఇంటర్వ్యూ లేకుండా పాత మార్కులు మాత్రమే చూసి వేసిన ఊహలే ఎక్కువ సరిపోయాయి.

మందు కూడా దొరికింది. 1950ల మధ్యలో ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేస్తున్న ఇరవై ఒక్కేళ్ల డేనియల్ కానెమన్, కొత్తగా చేరేవారి ఇంటర్వ్యూను ఆరు గుణాలుగా విడగొట్టాడు. ఒక్కోదానికి వాస్తవాలు అడిగి, మార్కు వేసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లాలన్నాడు. తమను యంత్రాల్లా మారుస్తున్నావని ఇంటర్వ్యూ చేసేవారు గొణిగారు. వారి కోసం చివర్లో ఒక వెసులుబాటు ఇచ్చాడు. అన్ని మార్కులూ వేశాక కళ్లు మూసుకుని, ఈ కుర్రాడు ఎలాంటి సైనికుడవుతాడో ఊహించి ఒక అంకె వేయమన్నాడు. ఆ అంకె కూడా బాగానే పనిచేసింది. ముందే కాక, వివరాలన్నీ సేకరించాక వచ్చింది కనుక.

ఇలా కట్టుదిట్టంగా జరిపే ఇంటర్వ్యూకు, కబుర్లలా సాగే ఇంటర్వ్యూకు ఉన్న తేడాను పాల్ సాకెట్ బృందం 2022లో మళ్లీ లెక్కగట్టింది. తర్వాతి పనితీరుతో మొదటిదానికి సహసంబంధం 0.42, రెండోదానికి 0.19. ఎంపిక పద్ధతులన్నింటిలో మొదటిదే ముందు నిలిచింది. అక్కడ కూడా తొలి అభిప్రాయం పూర్తిగా చావదు. ముర్రే బారిక్, బ్రయాన్ స్వైడర్, గ్రెగ్ స్టూవర్ట్ 2010లో, తొలి పలకరింపుల్లో పడిన మార్కులకూ చివరి నిర్ణయానికీ సంబంధం ఉందని చూపారు. కానీ స్వైడర్, బారిక్ మరొకరితో కలిసి 2016లో తేల్చిన ప్రకారం ఆ ప్రభావం మొదటి ప్రశ్నల మీద ఎక్కువగా, తర్వాతి ప్రశ్నల మీద తక్కువగా పడుతుంది.

కోర్టు మెట్లెక్కిన రెండు నిమిషాలు

తొలి అభిప్రాయానికి ఎన్ని మార్కులు ఇవ్వవచ్చునన్న ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అజయ్ హాసియా కేసు ఉద్యోగానిది కాదు, శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలో సీట్లది. రాతపరీక్షకు 100 మార్కులు, మౌఖిక పరీక్షకు 50. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు మాత్రమే కూర్చోబెట్టి, అదీ ఎక్కువగా తల్లిదండ్రుల గురించీ ఉండే చోటు గురించీ అడిగి పంపారని అభ్యర్థుల ఫిర్యాదు. మొత్తంలో మూడో వంతు మార్కులు మౌఖికానికి ఇవ్వడం నిరంకుశమని, 15 శాతం దాటరాదని 1980 నవంబరులో కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూను టేపు చేయడం మంచిదని కూడా సూచించింది. 1985లో హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు సంబంధించిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో జనరల్ అభ్యర్థులకు మౌఖికం వాటా 22.2 శాతం, మాజీ సైనికులకు 33.3 శాతం ఉండడాన్ని తప్పుపట్టి, అప్పట్లో యూపీఎస్సీ పాటిస్తున్న 12.2 శాతాన్ని ప్రమాణంగా చూపింది. ఇప్పుడు సివిల్ సర్వీసుల్లో పర్సనాలిటీ టెస్టుకు మొత్తం 2,025 మార్కుల్లో 275, అంటే పదమూడున్నర శాతం. చాలామంది ర్యాంకు తారుమారు కావడానికి ఆ మార్కులే చాలు.

తర్వాత ప్రభుత్వం ఇంకా ముందుకెళ్లి, 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ బి నాన్ గెజిటెడ్, గ్రూప్ సి, డి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా తీసేసింది. రాతపరీక్ష మొదటి చూపును తుడిచేస్తుంది, సిఫారసుకు సందు లేకుండా చేస్తుంది. ఫైళ్ల ముందు కూర్చుని ప్రజలతో మాట్లాడవలసిన అధికారిని ఒక్కసారి కూడా ఎదుట కూర్చోబెట్టకుండా ఎంచుకోవడం సబబేనా అన్న వాదన మాత్రం ఉంది.

సైన్యం వేరే దారి పట్టింది. సర్వీసెస్ సెలక్షన్ బోర్డులో ఎంపిక ఐదు రోజులు సాగుతుంది. మొదటి రోజు వడపోతలోనే చాలామంది ఇంటి దారి పడతారు. మిగిలినవారిని మనస్తత్వ నిపుణుడు, మైదానంలో పనులు చేయించే అధికారి, ఇంటర్వ్యూ చేసే అధికారి ఎవరికి వారుగా అంచనా వేసి, చివరి రోజు సమావేశంలోనే ఒక చోట పెడతారు. ఒకరి మొదటి చూపు ఇంకొకరి మీద పడకుండా చేసిన ఏర్పాటు ఇది. ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ. ప్రైవేటు కంపెనీలు దీని జోలికి రాకపోవడంలో వింత లేదు.

తెలుగు నేల మీద

మాటకారితనంతో కొలువు సంపాదించిన మొదటి తెలుగు పాత్ర గిరీశం అనవచ్చు. 1892లో రంగస్థలమెక్కిన గురజాడ ‘కన్యాశుల్కం’లో, వెంకటేశానికి చదువు చెప్పే మిష మీద అగ్నిహోత్రావధాన్ల ఇంట అతను తిష్ఠ వేస్తాడు. గురుశిష్యులు ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడుకుంటారో వినాలని వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడితే, ఇద్దరూ పిల్లల పద్యం ఒకటి అప్పజెప్పి ఆమెను ఆనందపరుస్తారు. ఎంపిక చేసేవారికి విషయం తెలియనప్పుడు వారు చూసేది ధాటిని. గురజాడ నవ్వించింది గిరీశాన్ని చూసి మాత్రమే కాదు, ఆ ఇంటర్వ్యూ బోర్డును చూసి కూడా.

ఇంగ్లిష్ ధాటి ఇప్పటికీ మన దగ్గర తొలి అభిప్రాయానికి గుండెకాయ. ఇంజినీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ఎంపికలు మొదట కాగితం మీద కత్తెర వేస్తాయి. పదో తరగతి, ఇంటర్, బీటెక్‌లలో 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం చాలా కంపెనీలు అడిగేవి. తర్వాత ఆన్‌లైన్ పరీక్ష, కొన్నిచోట్ల గ్రూప్ డిస్కషన్ లేదా ఒక అంశం మీద నిమిషంపాటు మాట్లాడే ‘జామ్’, ఆపైన టెక్నికల్ రౌండ్, హెచ్‌ఆర్ రౌండ్. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు కోడ్ రాసి గట్టెక్కి, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ దగ్గర కూలబడడం ఏటా జరిగేదే. ఈ లోటు పూడ్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి. విభజన తర్వాత తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆ పని అందుకున్నాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులతోపాటు మాక్ ఇంటర్వ్యూలూ, రెజ్యూమె తయారీ కూడా దొరుకుతాయి.

ఆ తర్ఫీదులో ఒక చిక్కుంది. అందరికీ ఒకే స్వపరిచయం నేర్పుతారు. పేరు, ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, అమ్మ గృహిణి, నా బలం కష్టపడే తత్వం, నా బలహీనత ఎవరినైనా ఇట్టే నమ్మేయడం. రోజుకు నలభై మందిని చూసే ప్యానెల్‌కు నాలుగో అభ్యర్థి దగ్గరే ఇది కంఠతా వచ్చేస్తుంది. నాన్నగారి ప్రస్తావన మన పిల్లలకు ఎందుకంత తప్పనిసరి అయిందో అర్థం చేసుకోవాలంటే అడిగేవారి వైపు చూడాలి. సురీందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం ఢిల్లీ ప్రాంతపు హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడినప్పుడు, ప్రతిభే చూస్తామని చెప్పిన వారే కుటుంబ నేపథ్యం గురించి అడగడం చాలా అవసరమని కూడా చెప్పారు. నాన్న ఉద్యోగం, అక్కచెల్లెళ్ల చదువు, పెరిగిన ఊరు విని మనిషి ఎలాంటివాడో అంచనా కడతారు. మొదటి తరం పట్టభద్రుడికి ఆ ప్రశ్న దగ్గరే మెట్టు ఎత్తుగా ఉంటుంది.

మరో దారి కూడా ఉంది, చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో ‘పెట్టించుకోవడం’, ఫోన్, వీడియో ఇంటర్వ్యూల్లో అసలు మనిషి బదులు ఇంకొకరు జవాబులివ్వడం ఇక్కడి కన్సల్టెన్సీల వాడలోనూ, అమెరికాలో ప్రాజెక్టుల కోసం ఎదురుచూసే మనవాళ్లలో కొందరి దగ్గరా తెలిసిన సంగతే. తనిఖీలో బయటపడితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా కావచ్చు. అంతకు మించి, నిజాయితీగా అనుభవం రాసుకున్న పక్కవాడి రెజ్యూమెను కూడా రిక్రూటర్ అనుమానంతో తెరుస్తాడు.

అభ్యర్థి చేతిలో ఉన్నది

పరిశోధన చూపించే మెలకువలు కొన్ని ఉన్నాయి. గ్రెగ్ స్టూవర్ట్ బృందం 2008లో కరచాలనం మీద చేసిన అధ్యయనంలో, చేయి గట్టిగా, నిండుగా కలిపి కళ్లలోకి చూసినవారికి ఇంటర్వ్యూ మార్కులు మెరుగ్గా పడ్డాయి. స్త్రీల పట్టు సగటున మెత్తనే అయినా, గట్టిగా చేయి కలిపిన స్త్రీలకు పురుషులకన్నా ఎక్కువ మేలు జరిగింది. మన దగ్గర నమస్కారంతోనూ పని జరుగుతుంది. అవతలివారు చేయి చాపారా లేదా చూసి నడుచుకుంటే సరి. సెంటు విషయంలో మాత్రం చేయి వెనక్కి తీసుకోవడం మంచిది. రాబర్ట్ బారన్ 1983 ప్రయోగంలో సెంటు పూసుకొచ్చిన అభ్యర్థులకు మగ ఇంటర్వ్యూయర్లు తక్కువ మార్కులు వేశారు. బట్టల సంగతికొస్తే, శుభ్రంగా ఇస్త్రీ చేసినవి, ఒంటికి అలవాటైనవి చాలు. జీవితంలో మొదటిసారి అదే రోజు బ్లేజర్ తొడిగిన కుర్రాడి అవస్థ గది అవతలి నుంచి కూడా కనబడుతుంది.

స్వపరిచయం నిమిషంన్నరకు మించకుండా, ఇప్పుడు ఏం చేస్తున్నాను, చేసిన వాటిలో ఈ ఉద్యోగానికి దగ్గరగా ఉన్న ఒక పని ఏమిటి, ఇక్కడికే ఎందుకు వచ్చాను అన్న వరుసలో ఉంటే బాగుంటుంది. బలం గురించి చెప్పేటప్పుడు విశేషణం కన్నా సంఘటన నిలుస్తుంది. కష్టపడతాను అనడం కన్నా, కాలేజీ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ల సైటు ఆగిపోతే రాత్రికి రాత్రి ఎలా సరిచేశారో చెబితే అందులోంచి నాలుగు ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలన్నీ మీకు తెలిసిన చోటివే అవుతాయి. బలహీనత అడిగితే “అతిగా పనిచేయడమే నా లోపం” లాంటి జవాబు వద్దు. వినయం ముసుగులో గొప్పలు చెప్పుకోవడాన్ని ఓవుల్ సెజర్, ఫ్రాన్సెస్కా జీనో, మైకేల్ నార్టన్ పరిశీలించి 2018లో ప్రచురించారు. నేరుగా గొప్ప చెప్పుకున్నవారికన్నా అలాంటివారే ఎక్కువ చిరాకు తెప్పించారు.

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మేనేజర్‌ని కూడా పేరుతోనే పిలుస్తారు. ఫ్రెషర్ ప్రతి వాక్యానికీ “సార్” తగిలించడం తప్పు కాదు, బ్యాంకుల్లో, కాలేజీల్లో, ప్రభుత్వ బోర్డుల్లో అది ఉండవలసిందే. కానీ ఒక వాక్యంలో మూడుసార్లు వినిపిస్తే అది మర్యాదలా కాక బెరుకులా వినబడుతుంది. తెలియని ప్రశ్నకు తెలియదనడం అన్నిచోట్లా చెల్లుతుంది. ఎలా తెలుసుకుంటారో ఒక వాక్యం చేర్చితే ఇంకా మంచిది.

అన్నిటికీ ముందు, ఎలాంటి ఇంటర్వ్యూలో కూర్చున్నామో పోల్చుకోవాలి. ఎదుటివారి చేతిలో అచ్చు వేసిన ప్రశ్నల కాగితం ఉండి, జవాబు కాగానే ఏదో రాసుకుంటుంటే, మొదటి జవాబు చెడినా కుంగిపోనక్కర్లేదు. ఐదో జవాబుకు విడిగా మార్కు ఉంటుంది. కాఫీ తాగుతూ, మీది ఏ ఊరు, మా మామగారిది అక్కడేనే అంటూ మొదలైన ఇంటర్వ్యూలో ఆ కబుర్లే సగం పరీక్ష. అక్కడ క్లుప్తంగా అవునూ కాదూ అని ఊరుకుంటే చేజేతులా మార్కులు వదులుకున్నట్టే.

తెర ముందు

2020లో కరోనాతో ఇంటర్వ్యూలు ఇళ్లలోకి వచ్చాయి. కరచాలనం పోయి, వెనక గోడ, వెలుతురు, నెట్ వేగం తొలి అభిప్రాయంలో చేరాయి. ఒక్క గది ఇంట్లో నలుగురితో ఉండే అభ్యర్థికి ఇదొక కొత్త అసమానత. మనిషి లేకుండా రికార్డు చేసిన జవాబులకు సాఫ్ట్‌వేరే మార్కులు వేసే పద్ధతి కూడా అదే ఊపులో పెరిగింది. యంత్రం పక్షపాతం చూపదన్న ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. అమెజాన్ తన పాత నియామకాల సమాచారంతో తర్ఫీదు ఇచ్చిన రెజ్యూమె యంత్రం స్త్రీలకు తక్కువ మార్కులు వేస్తోందని తెలిసి పక్కన పెట్టేసిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. వీడియో ఇంటర్వ్యూల సాఫ్ట్‌వేర్ కంపెనీ హైర్‌వ్యూ ముఖకవళికల విశ్లేషణను వదులుకున్నట్టు 2021లో ప్రకటించింది. అదే ఏడాది జర్మనీలో బవేరియా ప్రభుత్వ ప్రసార సంస్థ విలేఖరులు ఇలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. అదే మనిషి, అవే మాటలు. కళ్లజోడు పెట్టుకుంటే ఒక ఫలితం, వెనక పుస్తకాల అల్మరా ఉంటే ఇంకో ఫలితం వచ్చింది. కార్యాలయాల్లో మనుషుల భావోద్వేగాలను యంత్రంతో పసిగట్టడాన్ని ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వైద్య, భద్రతా అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది. నియామకాల్లో వాడే మిగతా సాఫ్ట్‌వేర్‌ను అధిక ప్రమాదం ఉన్న వర్గంలో చేర్చింది.

ఇప్పుడు అభ్యర్థుల వైపు నుంచి మోసం కూడా తెర మీదికి వచ్చింది. ప్రశ్న వినగానే జవాబు రాసిపెట్టే ఏఐ ఉపకరణాలను పక్క కిటికీలో తెరిచి చదివేసే అభ్యర్థులు ఎక్కువయ్యేసరికి, కొన్ని కంపెనీలు మళ్లీ మనిషిని ఎదురుగా కూర్చోబెడుతున్నాయి. కనీసం ఒక రౌండైనా ముఖాముఖిగా పెడతామని గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు.